నలభై రోజుల ‘క్విక్-ఫిక్స్’

2023 డిసెంబరు ఆఖరి వారంలో మా మేనేజర్ పిలిచి, "ఈ ఏడాదంతా మనవాళ్ళు దేనిమీద పనిచేశారో ఒక్క పేజీలో రాసివ్వవయ్యా, పైవాళ్ళకి చూపించాలి" అన్నారు. మాది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. హోల్‌సేల్ కొట్ల నుంచి ఓ మోస్తరు ఫ్యాక్టరీల దాకా వాడతారు. ఆఫీసు మాదాపూర్‌లో, డెవలపర్లం పద్నాలుగు మందిమి. ఇందులో ఏముంది, ఎవరేం పని చేయాలో ‘టికెట్’లుగా రాసిపెట్టుకునే టూల్ ఉంది కదా అనుకుని రిపోర్ట్ బటన్ నొక్కాను. రంగురంగుల గుండ్రటి బొమ్మ ఒకటి వచ్చింది. సగానికి పైగా ‘స్టోరీ’లట, అంటే కొత్త సదుపాయాలట, మిగతావి ‘బగ్’లూ ‘టాస్క్’లూనట. ఆ బొమ్మ చూస్తే ఎంతో బుద్ధిగా గడిచిన ఏడాదిలా ఉంది. ఆ ఏడాది నేనూ అదే ఆఫీసులో ఉన్నాను. అలా ఏం గడవలేదు.

టికెట్లు ఎవరు రాస్తారు? మా దగ్గరైతే ప్రొడక్ట్ వాళ్ళు రాస్తారు, అదీ ప్లానింగ్ మీటింగ్‌లో, నలుగురూ చూస్తారని తెలిసి రాస్తారు. కోడ్ మార్పుని భద్రపరిచినప్పుడల్లా (దాన్నే కమిట్ అంటారు) జతచేసే కమిట్ మెసేజ్ మనమే రాస్తాం గానీ అది పని అయ్యాక, రివ్యూ చేసేవాళ్ళు ఏమంటారో అని కాస్త ఇస్త్రీ చేసి రాస్తాం. ఈ రెండింటికీ మధ్య, టీ చల్లారేలోపు, ఎవరు చూస్తారులే అన్న ధీమాతో రెండు సెకన్లలో టైపు చేసి మర్చిపోయేది ఒకటుంది. బ్రాంచ్ పేరు. బ్రాంచ్ అంటే ఒక్కో పని కోసం అసలు కోడ్‌కి పక్కన విడిగా తెరుచుకునే కొమ్మ. దాని పేరు ‘నేను ఇప్పుడు చేయబోయేది ఇదీ’ అని డెవలపర్ తనకి తాను చెప్పుకున్న మాట. పని ఇంకా ఏమిటో పూర్తిగా తెలియని క్షణంలో చెప్పుకున్నది కాబట్టే దానికి విలువ అని నా వాదన. తర్వాత ఏం జరిగిందో కోడ్ చెబుతుంది. ముందు ఏం జరుగుతుందనుకున్నామో చెప్పేది ఆ పేరొక్కటే.

సరే, ఆ పేర్లు బయటికి తీద్దామని కూర్చున్నాను. ఇక్కడో చిక్కుంది, చాలామందికి ఇది నిజంగా తెలియదు, నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని అడిగినా తడబడతారు. మా కోడ్ మార్పుల చరిత్రంతా దాచే సాఫ్ట్‌వేర్ గిట్, అందులో బ్రాంచ్ అంటే పెద్ద వస్తువేం కాదు. ఒక చిన్న ఫైలు, అందులో 40 అక్షరాల కమిట్ ఐడీ, అంతే. కొత్త కమిట్ చేసినప్పుడల్లా ఆ ఐడీ మారుతుంది. కమిట్‌లో రాసినవారి పేరుంటుంది, తేదీ ఉంటుంది, మెసేజ్ ఉంటుంది, దాని ముందు కమిట్ ఏదో ఉంటుంది. ఏ బ్రాంచ్ మీద పుట్టిందో మాత్రం ఉండదు. గిట్ లాంటిదే అయిన మెర్క్యూరియల్ వాడినవాళ్ళకి ఇది వింతగా తోస్తుంది, అందులో నేమ్డ్ బ్రాంచ్ పేరు ప్రతి కమిట్‌లోనూ శాశ్వతంగా ఉండిపోతుంది. గిట్‌లో బ్రాంచ్ డిలీట్ చేశారా, ఆ పేరు ఊడిపోయినట్టే. బ్రాంచ్‌లు ఎప్పుడు ఎక్కడున్నాయో రాసుకునే రెఫ్‌లాగ్ మీ మెషీన్‌లో ఉంటుందనకండి. అది మీ మెషీన్‌దే, పైగా మామూలుగా 90 రోజులకి చెరిగిపోతుంది.

మరి పాత పేర్లు ఎక్కడ మిగులుతాయంటే, బ్రాంచ్‌ని అసలు కోడ్‌లో కలిపేటప్పుడు (మెర్జ్ అంటే అదే) పుట్టే మెర్జ్ కమిట్లలో. మెర్జ్ చేసినప్పుడు ‘మెర్జ్ బ్రాంచ్ ఫలానా’ అని గిట్ తనే మెసేజ్ రాసిపెడుతుంది. గిట్ కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్‌లో బటన్ నొక్కి మెర్జ్ చేస్తే పుల్ రిక్వెస్ట్ (‘నా బ్రాంచ్ కలుపుకోండి’ అన్న అభ్యర్థన) నంబరుతో పాటు బ్రాంచ్ పేరూ ఆ మెసేజ్‌లో పడుతుంది. ఈలోపు అసలు కోడ్ కదలకపోతే దాన్ని నేరుగా ముందుకి జరిపేయొచ్చు, ఆ ఫాస్ట్ ఫార్వర్డ్ అయితే మెర్జ్ కమిటే ఉండదు. కమిట్లన్నీ ఒకటిగా నొక్కి స్క్వాష్ చేస్తే మామూలుగా టైటిలూ నంబరూ మిగులుతాయి, బ్రాంచ్ పేరు పోతుంది. సర్వర్‌లో పుల్ రిక్వెస్ట్ పేజీ మీద అది ఉంటుంది, ప్రోగ్రాము రాసి ఏపీఐతో లాగవచ్చు కూడా. రేపు కంపెనీ ఖర్చు తగ్గించుకోడానికి వేరే సర్వర్‌కి మారితే ఆ పేజీలు మీతో వస్తాయని మాత్రం ఎవరూ పూచీ పడరు. మా అదృష్టం ఏమిటంటే, మొదట్లో ఉన్న ఒక పాత లీడ్‌కి ఫాస్ట్ ఫార్వర్డ్ అంటే గిట్టేది కాదు. ఆయన పెట్టిన సెట్టింగ్‌ని తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఆయనెందుకు పెట్టారో ఎవరికీ తెలియదు, అయినా నాలుగేళ్ళ పేర్లు భద్రంగా ఉన్నాయి.

గిట్ లాగ్ కమాండ్‌కి మెర్జెస్, ఫస్ట్-పేరెంట్ అన్న ఆప్షన్లు ఇచ్చి, మెసేజ్ మొదటి లైన్లు మాత్రం ఒక ఫైల్లోకి తీశాను. వేలల్లో వచ్చాయి. అందులో, లైబ్రరీల వెర్షన్లు పెంచడానికి తనంతట తనే బ్రాంచ్‌లు తెరిచే డిపెండబాట్ పెట్టిన పేర్లు ముందు ఏరేశాను. ఆ బాట్ పేర్లు ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటాయి, బాట్ పేరు, ప్యాకేజీ మేనేజర్ పేరు, లైబ్రరీ పేరు, వెర్షన్. అచ్చుగుద్దినట్టు ఉండే పేర్లలోంచి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మిగిలినవాటిని ఎక్సెల్‌లో పడేసి లెక్కలు కడదామనుకున్నాను గానీ, పది నిమిషాల్లోనే లెక్కలు మానేసి చదవడం మొదలుపెట్టాను. ఆ ఆదివారం మొత్తం అదే పని. మా ఆవిడ వచ్చి చూసి, "పంచాంగం చదువుతున్నట్టు ఏంటది?" అంది.

పంచాంగమే అది, ఒక రకంగా.

‘ఈ-ఇన్వాయిస్’ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి) అన్న మాట ఉన్న పేర్లు ఏడాది పొడవునా చల్లినట్టు లేవు, గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. 2020 అక్టోబరు 1కి ముందు ఒక చిన్న గుట్ట. టర్నోవర్ 500 కోట్లు దాటిన కంపెనీలకి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది ఆ రోజే. 2021 జనవరి 1కి ముందు ఇంకోటి, అప్పుడు పరిమితి 100 కోట్లకి దిగింది. అదే ఏడాది ఏప్రిల్ 1కి 50 కోట్లు. 2022 ఏప్రిల్‌లో 20, అక్టోబరులో 10. 2023 ఆగస్టు 1న 5 కోట్లు. పరిమితి దిగేకొద్దీ మా గుట్ట ఎత్తు పెరిగింది, ఎందుకంటే మా కస్టమర్లు 500 కోట్ల వాళ్ళు కాదు, కింది మెట్ల మీద ఉన్నవాళ్ళే. ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వస్తే మాదాపూర్‌లో మా శని, ఆదివారాలు ఎలా కరిగిపోయాయో ఆ పేర్ల తేదీలు చూస్తే కళ్ళకి కట్టింది. టికెట్ల టూల్‌లో ఇవన్నీ ‘స్టోరీ’లు, మామూలు కొత్త సదుపాయాలు. ఆ గుండ్రటి బొమ్మలో వీటి రంగూ, మేం సరదాపడి చేసిన డార్క్ మోడ్ రంగూ ఒకటే.

బ్రాంచ్ పేర్ల ముందు కూడా అదే పొరపాటు ఉందనుకోండి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందొచ్చి అసలు పేరు తర్వాత వస్తుంది కదా, బ్రాంచ్‌కీ అంతే. ‘ఫీచర్’ అని ఇంటిపేరు, తర్వాత ఒక ఏటవాలు గీత, ఆ తర్వాత పిలిచే పేరు. ఈ ఇంటిపేర్లు చాలావరకు 2010లో విన్సెంట్ డ్రీసెన్ అనే ఇంజినీర్ రాసిన బ్రాంచింగ్ పద్ధతి చలవే. డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్, ఇదంతా ఆయన గీసిన బొమ్మలోంచి ప్రపంచమంతా పాకింది. 2020లో ఆయనే ఆ వ్యాసం పైన ఒక గమనిక చేర్చారు, వెబ్ సాఫ్ట్‌వేర్‌ని ఎప్పటికప్పుడు విడుదల చేసే టీములు ఇంతకంటే తేలికైన పద్ధతి చూసుకోండి అని. గమనిక ఎవరు చదువుతారు, బొమ్మ ఒక్కటే అందరి గోడల మీదా ఉండిపోయింది. ఆ ఇంటిపేర్లలో ‘గడువు’ అనేది లేదు. ‘ప్రభుత్వం చెప్పింది’ అనేదీ లేదు. లేని ఇంటిపేరుతో పిల్లాణ్ణి బడిలో చేర్పించలేం గదా, అన్నీ ‘ఫీచర్’ వారింట్లోనే పడ్డాయి. కాబట్టి ఎవరైనా బ్రాంచ్ ప్రిఫిక్స్‌ల లెక్క తీసి మీ టీమ్ ఇంత శాతం ఫీచర్లు, ఇంత శాతం బగ్గులు అని గ్రాఫ్ చూపిస్తే నమ్మకండి. అది మీ టీమ్ ఏం చేసిందో చెప్పదు, మీ టీమ్‌కి ఏయే డబ్బాలు ఇచ్చారో చెబుతుంది. గీత తర్వాత ఏముందో చూడాలి.

గీత తర్వాత చూస్తే ‘రౌండింగ్’ కనిపించింది. ఒకటి కాదు, మళ్ళీ మళ్ళీ. జీఎస్టీ చట్టంలో 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దాలి, 50 పైసలు, ఆపైన ఉంటే పైకి, తక్కువైతే కిందికి. వినడానికి ఐదో తరగతి లెక్క. బిల్లులో ఇరవై ఐటమ్స్ ఉంటే ఒక్కో లైనుకీ సర్దాలా, మొత్తానికి ఒకసారి సర్దాలా అన్న దగ్గర మొదలవుతుంది రోగం, రెండు రకాలుగా చేస్తే రెండు జవాబులొస్తాయి. డిస్కౌంట్ ఒకటి మధ్యలో దూరితే మూడో జవాబు. మాకు ఏడాదిన్నరలో దీనిమీద పదకొండు బ్రాంచ్‌లు పుట్టాయి, ఏడుగురు వేర్వేరు మనుషుల చేతుల్లో. ప్రతిదీ చిన్న టికెట్, ఒకటి రెండు రోజుల్లో మూసేసింది. ఒక్కోటి విడిగా చూస్తే ఏ ఇబ్బందీ లేదు. ఏడుగురూ ఒకే గోతిని తలా ఓ తట్ట మట్టితో పూడ్చామని, అది ప్రతిసారీ మళ్ళీ దిగబడిందని మాకెవరికీ తెలియదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ పదకొండులో ‘రౌండింగ్’ అని వెతికితే దొరికినవి ఆరే. రెండింటి పేరు ‘రౌండాఫ్’. ఒకటి ‘ఒక-రూపాయి-తేడా’. ఒకటి ‘పైసల-గొడవ’, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ఇంకొకటి కేవలం ఒక కస్టమర్ కంపెనీ పేరు, ఎందుకంటే ఆ వారమంతా ఫోన్ చేసి తిట్టింది వాళ్ళే. ఇవన్నీ ఒకే ఇంటివని కంప్యూటర్‌కి తెలియదు, ఆ ఏడాది మాతో ఉన్న మనిషికే తెలుస్తుంది. బ్రాంచ్ పేర్ల మీద పెద్ద పెద్ద టూల్స్ కట్టాలనుకునేవాళ్ళతో నాకున్న పేచీ ఇదే.

ఇక ‘క్విక్’. నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త సిగ్గుపడిందీ దీనికే. పేరులో ‘క్విక్’, ‘స్మాల్’, ‘మైనర్’, ‘టెంప్’ ఉన్నవాటిని విడిగా తీసి, బ్రాంచ్ మీద మొదటి కమిట్ తేదీకీ మెర్జ్ తేదీకీ మధ్య ఎన్ని రోజులో చూశాను. రిబేస్ చేసినవాటికి, అంటే కమిట్లని కొత్త చోట మళ్ళీ పేర్చినవాటికి, కమిటర్ తేదీ మారిపోతుంది, మొదట రాసిన ఆథర్ తేదీ చూడాలి, అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు, అయినా మోటాగా సరిపోతుంది. చాలావరకు నిజంగానే ఒకటి రెండు రోజుల్లో అయిపోయాయి. కొన్ని మాత్రం వారాల తరబడి సాగాయి. అన్నిటికంటే పొడుగైనదాని పేరు ‘క్విక్-ఫిక్స్-ఇన్వాయిస్-నంబర్’. నలభై రోజులు. పెట్టింది నేనే.

ఆ కథ ఏమిటంటే, జీఎస్టీ రూల్స్‌లో 46వ రూల్ ప్రకారం ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. ఒక కస్టమర్ తన ఊరి పేరు, బ్రాంచి కోడు, సంవత్సరం అన్నీ కలిపి పొడుగు నంబరు పెట్టుకున్నాడు. మా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది, ప్రభుత్వ పోర్టల్ తిప్పికొట్టింది. ఏముంది, 16 దాటితే ఆపేయడమేగా, రెండు లైన్లు అనుకున్నాను. పేరు పెట్టేశాను. తీరా చూస్తే ఆ నంబరునే క్రెడిట్ నోట్లు (బిల్లు మొత్తం తగ్గించినప్పుడు ఇచ్చేవి) పట్టుకుని వేలాడుతున్నాయి, దాన్నే రిపోర్టుల్లో బిల్లుని గుర్తుపట్టే కీలాగా వాడుతున్నారు, అప్పటికే అచ్చైపోయిన పాత బిల్లులు పొడుగు నంబర్లతోనే జనం ఫైళ్ళలో ఉన్నాయి. ఒక్కో తలుపు తీస్తే ఇంకో తలుపు. నాకు ఆ కోడ్ అంతా కొట్టిన పిండి అని ఆ రోజు ఉదయం నేను అనుకున్నాను, ఆ పేరు సాక్ష్యం. టికెట్‌లో ఇదేమీ లేదు, తర్వాత ఎస్టిమేట్ మార్చేశాం కాబట్టి అక్కడ అంతా సజావుగానే కనిపిస్తుంది. కమిట్ మెసేజ్‌లో కూడా నేనెంతో ముందుచూపుతో ఆ మాడ్యూల్‌ని చక్కదిద్దినట్టే రాసుకున్నాను. బ్రాంచ్ పేరుని మాత్రం మార్చడం మర్చిపోయాను.

పేరుకీ పనికీ మధ్య ఉన్న ఆ దూరమే అసలు సమాచారం. ‘క్విక్’ అని మొదలై నెల దాటిన ప్రతి బ్రాంచ్ కిందా, మనకి తెలుసనుకుని తెలియని కోడ్ ఒకటుంది. అవెక్కడెక్కడ ఉన్నాయో ఒక పేజీలో రాసిచ్చాను మేనేజర్‌కి. రౌండింగ్‌నీ, ఇన్వాయిస్ నంబరునీ మళ్ళీ మొదట్నుంచి రాయడానికి రెండు నెలలు అడిగాం, ఒక నెల ఇచ్చారు. ఇవ్వడమే గొప్ప.

తర్వాతే జరిగింది అసలు గొడవ. ఆ పేజీ పైవాళ్ళకి తెగ నచ్చేసింది. ఎంత నచ్చిందంటే, 2024 మొదట్లో దాన్ని డ్యాష్‌బోర్డ్ చేశారు. ఎవరు ఎన్ని ఫీచర్ బ్రాంచ్‌లు మెర్జ్ చేశారు, ఎన్ని బగ్‌ఫిక్స్, బ్రాంచ్ సగటు వయసెంత, మనిషివారీగా, పేరుతో సహా. ఏమీ చెప్పలేదు మాకు, ఒక సోమవారం కారిడార్‌లో టీవీ మీద ప్రత్యక్షమైంది. మూడు వారాలు తిరిగేసరికి ‘బగ్‌ఫిక్స్’ అన్న ఇంటిపేరే మా కోడ్ ఉండే రిపోజిటరీలో అంతరించిపోయింది. అందరూ ‘ఫీచర్’ వారే. బ్రాంచ్ వయసు తగ్గాలి కదా, అందుకని పనంతా పక్కన వేరే బ్రాంచ్‌లో చేసుకుని, చివరి రోజు కొత్త బ్రాంచ్ తెరిచి అందులోకి ఒకే కమిట్‌గా దించి మెర్జ్ చేయడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇదంతా నీవల్లేనంట కదా" అన్నాడు నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

దానికి విరుగుడని ఇంకోటి తెచ్చారు. టికెట్ నంబరు లేకుండా బ్రాంచ్ పుష్ చేస్తే, అంటే సర్వర్‌కి పంపితే, సర్వర్ తోసిపుచ్చేలా హుక్ అనే తనిఖీ పెట్టారు. నంబరుంటే టికెట్ టూల్ దానంతటదే లింక్ చేసుకుంటుంది, అదొక సుఖమే, కాదనను. అయితే పేరు మొత్తం టికెట్ టూల్‌లోని బటన్ నొక్కి కాపీ చేసుకునేదే అయిపోయింది, నంబరూ, దాని వెనక టికెట్ టైటిలూ. ఇప్పుడా పేరులో టికెట్‌లో లేనిది ఒక్క ముక్క కూడా లేదు. పనేదో ముందు అర్థం కాని సందర్భాల కోసం ‘ఇతరములు’ అని ఒక టికెట్ తయారైంది, దాని నంబరుతో ఎన్ని బ్రాంచ్‌లు పుట్టాయో నేను లెక్కపెట్టలేదు, పెట్టబుద్ధి కాలేదు.

నంబరుంటే చాలు కదా, మిగతాదంతా టికెట్‌లో చూసుకోవచ్చు కదా అని వాదించే మిత్రుడొకడున్నాడు నాకు. వాడికి నేను చెప్పేది మా ఊరి పొలాల సంగతి. అడంగల్‌లో ప్రతి పొలానికీ సర్వే నంబరుంటుంది, అప్పుకైనా అమ్మకానికైనా అదే కావాలి. మా తాత మాత్రం ఎప్పుడూ నంబరు చెప్పలేదు. తాటితోపు చేను, ఉప్పుమడి, దెయ్యాలదిబ్బ. ఉప్పుమడి అనగానే అక్కడ నీళ్ళు ఎలాంటివో, ఏం పండదో కొత్తగా కౌలుకొచ్చినవాడికి కూడా తెలిసిపోతుంది. సర్వే నంబరుకి ఆ శక్తి లేదు. రెండూ ఉండాలి. నంబరు ఒక్కటే మిగిలితే ఆ మడిలో ప్రతి కొత్త కౌలుదారూ ఓసారి వరి వేసి నష్టపోతాడు, మా రౌండింగ్‌లో ఏడుగురిలాగే.

పేర్లు బాగా ఉంటే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే సాక్షాత్తూ గిట్ సొంత రిపోజిటరీనే చూడండి. 2005 నుంచీ దాన్ని చూసుకుంటున్నది జూనియో హమానో. అందులో ప్రతి టాపిక్ బ్రాంచ్‌కీ పనిచేసినవారి పేరులోని పొడి అక్షరాలు ఇంటిపేరు, తర్వాత విషయం. జెఫ్ కింగ్‌వి ‘జేకే’తో, ఎలైజా న్యూరెన్‌వి ‘ఈఎన్’తో మొదలవుతాయి. గమ్మత్తేమిటంటే ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఈమెయిల్లో వస్తాయి కాబట్టి ఆ పేరు పెట్టేది పనిచేసినవాళ్ళు కాదు, హమానోనే. చంటిపిల్లలందరికీ ఒకే తాత బారసాల చేసినట్టు. క్రమం తప్పకుండా ఆయన ‘ఏం ఉడుకుతోంది’ అని ఒక మెయిల్ వేస్తారు, అందులో బ్రాంచ్ పేర్లన్నీ ఉంటాయి, ఏది అసలు కోడ్ ఉండే మాస్టర్‌లోకి వెళ్ళింది, ఏది ఇంకా పొయ్యి మీదుంది, ఏది ఆగిపోయింది. మెర్జ్ మెసేజ్‌లలోనూ ఆ పేర్లే ఉండిపోతాయి, దానికింద రెండు మూడు వాక్యాల్లో ఆ పని దేనికో కూడా. ఇరవై ఏళ్ళ పనిని పేర్ల వెంట నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. అక్కడ ఆ పేర్లు ఎవరి ప్రమోషన్‌కీ ముడిపడి లేవు. పని పోగొట్టుకోకుండా ఉండటానికి పెట్టుకున్నవి.

మా దగ్గర ఆ డ్యాష్‌బోర్డ్ 2024 చివర్లో, మేనేజర్ మారినప్పుడు, టీవీతో సహా పోయింది. టీవీలో ఇప్పుడు క్యాంటీన్ మెనూ వస్తోంది. హుక్ ఇంకా ఉంది గానీ, నంబరు తర్వాత మీకిష్టమొచ్చింది రాయండి, టైటిల్ కాపీ చేయొద్దు అని కొత్తవాళ్ళకి మొదటిరోజే చెబుతున్నాను. తెలుగు లిపిలోనే పెట్టొచ్చా అని ఒకమ్మాయి అడిగింది. గిట్‌కి ఏ అభ్యంతరమూ లేదు, పెట్టింది కూడా. బ్రాంచ్ పేరునే ట్యాగ్‌గా చేసి డాకర్ ఇమేజ్ (ఎక్కడైనా నడిచేలా కట్టిన సాఫ్ట్‌వేర్ మూట) కట్టే మా బిల్డ్ మాత్రం మొరాయించింది, డాకర్ ట్యాగులో ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ చుక్కా అడ్డగీతలూ తప్ప వేరే పనికిరావు. మళ్ళీ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగుకే వచ్చింది. మనకలవాటేగా, వాట్సాప్‌లో రాసినట్టే. ఇప్పుడు కొత్తగా ఏఐ ఏజెంట్లు తెరిచే బ్రాంచ్‌లు మొదలయ్యాయి, గిట్‌హబ్ వాళ్ళ కోపైలట్‌వైతే దాని సొంత ఇంటిపేరుతోనే వస్తాయి. పేర్లు చక్కగా, స్పష్టంగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంటాయి. వాటిని నేను డిపెండబాట్‌తో పాటే ఏరేస్తున్నాను. ‘క్విక్’ అని పొరపాటుపడి సిగ్గుపడే మనిషి ఆ పేరు వెనక లేడు.

నెలకోసారి, జీతాలు పడే రోజున, ఆ నెల మెర్జ్ అయిన పేర్లన్నీ ఒకసారి చదువుతాను. పావుగంట పని. ఎవరికీ పంపను, గ్రాఫ్ గీయను. ఒకే మాట మూడు వేర్వేరు చేతుల్లో కనిపిస్తే లేచి వాళ్ళ సీటు దగ్గరికెళ్ళి అడుగుతాను.

2025 సెప్టెంబరు 3న కౌన్సిల్ జీఎస్టీ రేట్లు మార్చింది, 22 నుంచి అమలు అంది. చాలావాటికి 12, 28 శాతాలు పోయి 5, 18 వచ్చాయి, కొన్నిటికి 40. చేతిలో మూడు వారాలు కూడా లేవు. ఆ నెలాఖరున పేర్లు చదువుతుంటే అనుకున్నట్టే పెద్ద గుట్ట, అంతా రేట్లూ, పాత తేదీ బిల్లులూ, క్రెడిట్ నోట్లూ. రౌండింగ్ మాట ఒక్కచోటా లేదు, కాస్త గర్వంగా అనిపించింది కూడా. చివరి నుంచి నాలుగో లైన్లో, ఆ తెలుగు లిపి అమ్మాయి పెట్టిన పేరుంది. ‘అర్ధరూపాయి-ఎక్కడిది’. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.